పోను సగం, రాను సగం

మా పెద్ద సిస్టర్ పోయారు. వార్త మీలో చాలామందికి వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. నల్లగొండ నర్సుల గ్రూపుల్లోనూ, చిట్యాల వైపు ఊళ్ల గ్రూపుల్లోనూ ఆమె ఫొటో పెట్టి, కింద దీపం బొమ్మ పెట్టి, "సొంత ఇంట్లో, అందరి మధ్య, ప్రశాంతంగా కన్నుమూశారు" అని రాశారు. సొంత ఇంట్లో అన్నది నిజం. అందరి మధ్య అన్నదీ నిజమే. మూడో మాట సంగతి నేను చెప్పాలి. చివరిదాకా ఆమె పక్కన ఉన్నది నేనే. ఆమె ఊపిరి నా చేతిలో ఉంది. మాటవరసకు అనడం లేదు, నిజంగానే నా చేతిలో ఉంది.

ఆ సంగతి కంటే ముందు ఆమె ఎట్లాంటి మనిషో చెప్పాలి. లేకపోతే ఆమెకూ అన్యాయం, నాకూ అన్యాయం.

నల్లగొండలో ఒక ప్రైవేటు దవాఖాన ఐసీయూకు ఆమె హెడ్ నర్సు. నేను కట్టంగూర్ పిల్లను. నర్సింగు చదువు పూర్తిచేసి, తెలంగాణ వచ్చిన కొత్తల్లో ఆమె చేతి కిందికి వచ్చాను. మొదటి రోజు నా పేరు అడగలేదు, ఏ కాలేజీ అని అడగలేదు. "చెయ్యి ఇటియ్యి" అన్నారు. పట్టుకొని మొహం చిట్లించారు.

"సచ్చినోళ్ల చెయ్యి లెక్కున్నది. గీ చేత్తోని ముట్టుకుంటె నీకు పేషెంట్లందరు మంచిగున్నట్టే కొడుతరు."

ఐసీయూలో ఏసీ చలికి మా చేతులు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. చల్లటి చేతికి ఎవరి కాళ్లయినా వెచ్చగానే తగులుతాయి. అందుకని ఆమె టేబుల్ మీద ఒక స్టీలు ఫ్లాస్కు ఉండేది. పొద్దున టీ అయిపోయాక అందులో వేడినీళ్లు పోసి పెట్టుకునేవారు. పేషెంటు దగ్గరికి పోయేముందు మూత తీసి ఆ ఆవిరికి రెండు అరచేతులూ, వాటి వెనకభాగమూ కాచుకునేవారు. తరవాత దుప్పటి ఎత్తి పాదాలు ముట్టుకునేవారు. పాదం, చీలమండ, పిక్క, మోకాలు. చల్లదనం ఎక్కడిదాకా ఎక్కిందో చేతి వెనకభాగంతో చూసేవారు. మోకాలి మీద బొటనవేలితో నొక్కి, తెల్లబడ్డ చోటికి రంగు ఎంతసేపటికి తిరిగొస్తుందో మనసులో లెక్కపెట్టేవారు. మోకాళ్ల చుట్టూ వంకాయరంగు మచ్చలు లేస్తే ఇక లెక్కపెట్టేవారు కాదు, దుప్పటి కప్పేసేవారు. మానిటరు వైపు చూడటం ఆ తరవాతే.

డాక్టరు గారి లెక్క వేరే. దానికొక కాగితం ఉంటుంది. బీపీకి ఇన్ని మార్కులు, ఊపిరికి ఇన్ని, మూత్రానికి ఇన్ని, తెలివికి ఇన్ని. అన్నీ కూడితే మనిషి బతికే అవకాశం ఎంతో తేలుతుంది. "ఎక్కువ మార్కులొస్తె ఫేలయ్యే పరీక్ష గిదొక్కటే పిల్లా" అనేవారు ఆమె. ఆ కాగితాన్ని ఆమె తీసిపారేయలేదు. రోజూ పద్ధతిగా నింపించేవారు. కాకపోతే అది ఇట్లాంటి నూరుమందిలో ఎందరు పోతారో చెబుతుంది. బయట బెంచీ మీద కూచున్న మనిషికి నూరుమందితో పనిలేదు, తన ఒక్కడి సంగతి కావాలి.

బయట బెంచీ మీద అడిగే ప్రశ్న కూడా వేరే. మొదటి రెండు రోజులు "బతుకుతడా?" అని అడుగుతారు. తరవాత అడిగేది, "ఇల్లు చేరుతడా?" అని. మా దిక్కు ఊళ్లలో ప్రాణం ఇంట్లో పోవాలి. బయట పోయినవాళ్లను గడప దాటనివ్వరు. కొన్ని ఊళ్లలో అయితే ఊళ్లోకే రానివ్వరు. బడి దగ్గరో, రోడ్డు పక్కనో టెంటు వేసి, స్నానం అక్కడే, ఏడుపులు అక్కడే. ముప్పై ఏళ్లు చెమటోడ్చి కట్టుకున్న ఇంటిని దూరం నుంచి చూస్తూ మనిషి వెళ్లిపోవాలి. అందుకే ఇక లాభం లేదనుకున్నప్పుడు ఊపిరి ఉండగానే తీసుకుపోతారు. నోట్లో గొట్టం అట్లాగే ఉంటుంది, దానికి తగిలించిన రబ్బరు సంచిని ఒక నర్సు దారి పొడుగునా ఒత్తుతూ ఊపిరి పోస్తుంది. ఇంట్లో పండబెట్టి, తులసినీళ్లు పోసి, అందరూ చూసుకున్నాక ఒత్తడం ఆపుతుంది.

కాబట్టి వాళ్లకు కావలసింది టైము. డాక్టరు గారు "ట్రై చేస్తున్నాం, ఏం చెప్పలేం" అని లోపలికి పోయేవారు. పెద్ద సిస్టర్ చెప్పేవారు. గంటల్లో కాదు. ఆమె భర్త ఆర్టీసీలో కండక్టరు, ఇంట్లో పొద్దుమాపులూ స్టేజీల ముచ్చటే. ఆమె మాట కూడా అట్లాగే వచ్చేది.

"మీ బాపు కట్టంగూర్ దాక చేరుతడు. సూర్యాపేట అంటె నేను చెప్ప."

చెప్పేటప్పుడు వాళ్ల ముఖం చూసేవారు కాదు. "కాళ్లను యాద్ జేస్కొని చెప్పాలె. మొకం సూస్తె అబద్ధం వస్తది" అనేవారు. కర్కశంగా ఉంటుందని నేనొకసారి అన్నాను. ఆమె నవ్వారు. "లగ్గం పెట్టే అయ్యగారి కంటె మన పని నయం కాదె? ఆయన ముహూర్తం కరాబైతె ఏండ్లకేండ్లు తిడుతరు. మన ముహూర్తం తప్పితె తిట్టేటోడు మిగులడు."

ఆమె దయలేని మనిషి కాదు. మా బాపును మా ఐసీయూలోనే పెట్టినప్పుడు, నేను కూతురినై బెంచీ మీద కూచున్నప్పుడు, ఆమె బయటికొచ్చి నా పక్కన కూచొని తన టిఫిన్ డబ్బా విప్పి జొన్నరొట్టె తుంచి నా చేతిలో పెట్టారు. నేను మింగేదాకా ఆగారు. తరవాత "లెవ్వు పిల్లా. ఇప్పుడైతె చేరుతడు" అన్నారు. బాపు మా ఇంట్లో, మా అవ్వ ఒడిలో తల పెట్టుకొని పోయాడు. ఆ ఒక్క మాటకు నేను ఆమెకు జీవితమంతా రుణపడి ఉన్నాననుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను, చాలావరకు.

ఆమె లెక్క ఒక్కసారి తప్పింది.

కట్టంగూర్‌కు లోపలి ఊరి గొర్లకాపరి. తెల్లవారేసరికి మంద దగ్గర కళ్లు తెరవలేక, మాట రాక పడి ఉన్నాడని తీసుకొచ్చారు. వచ్చేసరికి ఊపిరి ఆగుతోంది. గొట్టం వేసి మిషన్ పెట్టాం. చెయ్యి కదలదు, కాలు కదలదు, కంట్లో లైటు వేస్తే గుడ్డు చలించదు. ఒంటి మీద గాయం లేదు. మెదడుకు పెద్ద దెబ్బ తగిలిందని డాక్టరు గారు అన్నారు. పెద్ద సిస్టర్ అతని భార్యను పక్కకు పిలిచి అడిగారు.

"పురుగు గిట్ల ముట్టిందా, అమ్మా?"

మా దిక్కు పామును పామని అనరు, పురుగంటారు. ఆ భార్య నెత్తిన కొంగు సర్దుకొని, ఇంత తెలియని ప్రశ్న అడిగావేమిటన్నట్టు చూసింది.

"గొంగడి మీద పండేటోన్కి పురుగు ఎట్ల ముడుతది సిస్టరమ్మ? గొర్రెబొచ్చు మీదికి అది రానే రాదు."

గొర్లకాపరులకు అది తాతల నాటి నమ్మకం. చీకట్లో చేనుల్లో పడుకునేవాళ్లకు ఆ నమ్మకం లేకపోతే నిద్రే పట్టదు. ఆమె అంత గట్టిగా చెప్పేసరికి ఆ ప్రశ్న అక్కడితో పోయింది. నాలుగో రోజు కూడా అతనిలో చలనం లేదు. మార్కుల కాగితం నిండా మార్కులే. అన్నదమ్ములు అడిగారు, పెద్ద సిస్టర్ కాళ్లు ముట్టుకొని వచ్చి చెప్పారు, "ఊరు చేరుతడు. తీస్కపోండ్రి." సంచి ఒత్తుతూ నేనే పోయాను. ఇంట్లో పండబెట్టాక గొట్టం తీసి, నేను అదే అంబులెన్సులో తిరిగొచ్చేశాను. అప్పట్లో అట్లాగే వచ్చేసేవాళ్లం.

అతను చావలేదు. మధ్యాహ్నం దాకా చూశారు, పొద్దుగూకేదాకా చూశారు. చుట్టాలు దిగారు, డప్పుల వాళ్లు వచ్చారు, గొయ్యి తవ్వారు. అతను మాత్రం సన్నగా ఊపిరి తీసుకుంటూనే ఉన్నాడు. మర్నాడు ఒక కన్ను తెరిచాడు. దేవుడు తిరిగిచ్చాడని ఇంటిల్లిపాదీ ఆశపడి, ఇంకా మింగడం రానివాడి నోట్లో ప్రేమకొద్దీ గంజి పోశారు, మేకపాలు పోశారు. అదంతా ఊపిరితిత్తుల్లోకి పోయింది. మూడోనాడు మాట వచ్చింది. మొదట చెప్పిన ముచ్చట ఏమిటంటే, ఆ రాత్రి ఒక గొర్రె ఈనిందట. పిల్ల వణుకుతోందని గొంగడి దాని మీద కప్పి, తాను ఉత్తనేల మీద పడుకున్నాడట. కట్లపాము. దాని కాటు గాటు కూడా కనపడదు, చీమ కుట్టినంత. ఒళ్లంతా చచ్చుబడేట్టు చేసి మనిషిని శవంలా పడేస్తుంది. విషం దిగేదాకా మిషన్ మీద ఉంచితే మనిషి లేచి కూచుంటాడు.

ఆ మధ్యాహ్నమే జ్వరంతో, ఎగపోతతో మళ్లీ తీసుకొచ్చారు. సాయంత్రానికి పోయాడు. తవ్విన గొయ్యి ఖాళీగా పూడ్చకూడదని పెద్దవాళ్లు దాన్ని అట్లాగే వదిలారు కనుక మళ్లీ తవ్వే పని పడలేదు.

పదోరోజు పెద్ద సిస్టర్ నన్ను వెంటబెట్టుకొని ఆ ఊరు పోయారు. అతని భార్య మమ్మల్ని చూసి ఏడ్చి, ఎదురొచ్చి పెద్ద సిస్టర్ చేతులు పట్టుకుంది. "నువ్వు చెప్పినట్టే ఇల్లు చేరిండు తల్లి. నాతోని ముచ్చట బెట్టిండు. గొర్రెపిల్ల మంచిగున్నదా అని అడిగిండు. నీ పున్నెమే" అంది. లోటాల్లో మజ్జిగ పోసిచ్చింది. అంతటితో లేచి వచ్చేస్తే సరిపోయేది. నేను ఆమె కొంగు లాగాను కూడా.

"పున్నెం గాదమ్మా, తప్పు నాది" అన్నారు పెద్ద సిస్టర్. "ఇంకో మూడు దినాలు మిషన్ మీద పెట్టుకుంటె నీ పెనిమిటి బతికెటోడు. నేను పొమ్మన్న. ఆ దినం కాళ్లు వెచ్చగనే ఉండె. నా చెయ్యి చెప్పింది, నేను ఇనలే. కండ్లు సూసిన, కాయితం సూసిన."

ఆ మనిషి లేచింది. మా చేతుల్లో లోటాలు తీసుకొని, మజ్జిగ పారబోసి, అక్కడే బోర్లించింది. ఆ తరవాత అంది, "గీ ముచ్చట నాకెందుకు చెప్పినవ్? నిన్నటిదాక జరంత కన్నంటుకునేది. ఇంక నేనెట్ల పండాలె?"

బస్సులో నాకు ఒళ్లు మండిపోయింది. "ఎందుకు చెప్పిండ్రు?" అన్నాను. "చెప్పకుంటె నాకు నిద్ర పట్టది పిల్లా" అన్నారు. "ఇప్పుడు ఆమెకు పట్టది" అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగి కూచున్నారు. ఆమెతో నేను అట్లా మాట్లాడింది అదొక్కసారే.

తరవాత ఆరేడు నెలలు ఆమె ఎవరికీ స్టేజీ చెప్పలేదు. అడిగితే "డాక్టర్ సాబును అడుగుండ్రి" అనేవారు. డాక్టరు గారు ట్రై చేస్తూనే ఉండేవారు. ఒక తల్లి, ఇరవై ఏళ్ల కూతురిని మాటిమాటికీ చూసి వచ్చి పెద్ద సిస్టర్‌ను బతిమాలింది, ఒక్క మాట చెప్పమని. చెప్పలేదు. ఆఖరికి వాళ్లంతట వాళ్లే బయలుదేరితే ఆ పిల్ల నార్కట్‌పల్లి దగ్గర పోయింది. ఊరి బయట టెంటు వేశారు. అక్క పెళ్లికని కొత్తగా సున్నం వేసిన ఇల్లు అక్కడినుంచి కనపడుతూనే ఉందట. ఆ తల్లి నెల తరవాత కాగితాల పని మీద వచ్చి, పెద్ద సిస్టర్ ముందు నిలబడి, "నీకు ఎర్కే గద?" అంది. అంతే, వేరే మాట అనలేదు. పెద్ద సిస్టర్ మర్నాటి నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టారు.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఒక పద్ధతి పెట్టారు. అంబులెన్సులో ఎక్కించే ఆక్సిజన్ సిలిండర్ ఇల్లు చేరడానికి ఎంత కావాలో దానికి రెండింతలు ఉండాలి. "పోను సగం, రాను సగం." సంచి ఒత్తడం ఆపాక నర్సు వెంటనే వెనక్కి రాకూడదు. పావుగంట అక్కడే, సంచి చేతిలో పట్టుకొని కూచోవాలి. ఛాతీ తనంతట తాను లేస్తుందేమో చూడాలి. లేస్తే లెక్కపెట్టాలి. ఊపిరి ఆగకుండా, వరసగా వస్తే ఎవరు ఏమన్నా సరే, డప్పులు వచ్చి ఉన్నా సరే, బండి వెనక్కి తిప్పాలి. డ్రైవర్లు విసుక్కునేవారు. నిండు సిలిండర్ దించడం, ఎక్కించడం వాళ్ల పని.

ఆ పద్ధతి పెట్టాక ఇన్నేళ్లలో బండి ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఒకనాడు టీ తాగుతూ నేను గొప్పగానే అన్నాను, మన లెక్క మళ్లీ తప్పలేదని. ఆమె ఫ్లాస్కు మూత బిగిస్తూ అన్నారు, "మిషన్ పీకినంక ఎవ్వడైన పోతడు పిల్లా. మనం పొమ్మన్నోళ్లంత పోయిండ్రు గనుకనె మన లెక్క తప్పలే. మనల పట్టిచ్చింది గా గొర్ల మనిషి ఒక్కడే. ఇంకెందరున్నరో, వాళ్లు సచ్చి మనల నిజం చేసిండ్రు." ఆ సాయంత్రం ఇంటికి పోతుంటే మా బాపు గుర్తొచ్చాడు. ఆ ఆలోచనను నేను ఎక్కువ దూరం పోనివ్వలేదు.

పోయిన వానాకాలం చివర ఆమెకు జ్వరం వచ్చింది. సుగరు ఎప్పటినుంచో ఉంది. జ్వరం నిమోనియాగా మారింది, నిమోనియా రక్తంలోకి దిగింది. హైదరాబాద్ పోదామంటే వినలేదు. "నా పిల్లలున్నరు గద" అని మా ఐసీయూలోనే చేరారు. పిల్లలంటే మేమే, ఆమెకు కడుపున పుట్టినవాళ్లు లేరు. రెండో రోజు గొట్టం వేశారు. మత్తు తక్కువగా ఇచ్చేవారు, తెలివి ఉండేది. నోట్లో గొట్టంతో మాటరాదు కనుక చేతికి పలకలాంటి అట్ట, దానికి బిగించిన కాగితాలు, పెన్ను ఇచ్చాం. మొదటిరోజు దాని మీద రాసింది ఏమిటంటే, మూడో బెడ్డు పేషెంటును పక్కకు తిప్పలేదు, వీపు పుండు పడుతుంది, అని.

అయిదో రోజు పొద్దున నేను డ్యూటీకి పోయేసరికి బీపీ మందు రెట్టింపయింది. మూత్రం సంచిలో అడుగున కొద్దిగా ఉంది. మార్కుల కాగితం నేనే నింపాను. ఆమె చూడకుండా ఫైలు కింద పెట్టాను. తరవాత ఆమె టేబుల్ దగ్గరికి పోయి, ఆమె ఫ్లాస్కులో వేడినీళ్లు పోసి, ఆ ఆవిరికి చేతులు కాచుకున్నాను.

కాచుకొని తిరిగేసరికి ఆమె నన్నే చూస్తున్నారు. నేను ఎందుకు కాచుకుంటున్నానో ఈ భూమ్మీద ఆమె కంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

దుప్పటి ఎత్తాను. పాదాలు మంచు. పిక్కల సగందాకా చల్లదనం. ఎడమ మోకాలి మీద వంకాయరంగు మచ్చలు రెండు, అప్పుడే లేస్తున్నాయి. కుడి మోకాలు మామూలుగా ఉంది. నొక్కితే రంగు ఆలస్యంగానే, కానీ వచ్చింది. నేను దుప్పటి కప్పాను. ఆమె చెయ్యి ఆడించి అట్ట అడిగారు. రాశారు.

"ఒక్క రోజు ఉంచు."

అక్షరాలు వంకర పోలేదు. రోజూ రిజిస్టరులో రాసే చెయ్యే, అదే గుండ్రటి రాత. పోయేవాళ్ల రాత అట్లా ఉండదు. అది నేను చూశాను. చూడలేదని చెప్పను. కింద ఇంకో మాట రాయబోయి పెన్ను జారవిడిచారు. నేను ఆ కాగితం మడిచి గౌను జేబులో పెట్టుకున్నాను.

బయట ఆమె భర్త, కండక్టర్ సార్, బెంచీ మీద ఉన్నారు. రిటైరై ఎన్నేళ్లయినా టికెట్ల మిషన్ సంచి తగిలించుకున్నట్టే ఒక భుజం వంచి కూచుంటారు. నన్ను చూసి లేచారు.

"ఏ స్టేజీ దాక, బిడ్డా?"

జేబులో కాగితం ఉంది. తీసి ఇస్తే ఆయన ఒక్కరోజేమిటి, నెలరోజులైనా ఉంచేవారు. నేను ఆయన ముఖం చూడలేదు. కాళ్లను గుర్తు చేసుకొని చెప్పాను, ఆమె నేర్పినట్టే.

"ఇప్పుడు బయల్దేరితె ఇల్లు చేరుతరు సార్. మాపటికి అంటె నార్కట్‌పల్లి దాటరు."

ఎందుకు చెప్పానని నెలరోజులుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఆమెను టెంటు కింద, ఊరి బయట చూడలేక చెప్పాను. అది నిజం. కాళ్లు చల్లగా ఉన్నాయి, గొర్లకాపరి కాళ్లలా వెచ్చగా లేవు. అదీ నిజం. రోగి బతిమాలితే లెక్క మారదని ఆమె స్వయంగా నేర్పారు. ఇంకొకటి కూడా ఉంది. వార్డులో అందరూ నా వైపే చూస్తున్నారు. ఆమె తరవాత చెప్పగలిగేది నేనే అని వాళ్లకు తెలుసు. ఆమె దగ్గర తడబడితే రేపటినుంచి నా మాట ఎవరు నమ్ముతారు? ఆమె మంచం పక్కన నిలబడి నాకు ఆ ఆలోచన వచ్చింది. సిగ్గుచేటు, కానీ వచ్చింది.

అంబులెన్సు తలుపులు వేసేటప్పుడు ఆమె డ్రైవర్ వైపు చూసి సిలిండర్ మీద వేలు పెట్టారు. నిండుగా ఉందని డ్రైవర్ తల ఊపాడు. సంచి నేను ఒత్తాను. కంగారులో తొందరతొందరగా ఒత్తుతున్నట్టున్నాను. పానగల్లు దాటకముందే ఆమె రెండు వేళ్లు నా మణికట్టు మీద ఆన్చి తట్టారు. నెమ్మదిగా. ఒకటి, ఆగు, ఒకటి, ఆగు. చేతి కింద చేరిన మొదటి నెలలో నేర్పినట్టే. చిట్యాల దాకా నేను ఆ వేళ్ల తాళానికే ఒత్తాను. ఆమె నా ముఖం చూడలేదు. కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ, తన ఊపిరి నేను సరిగ్గా పోసేట్టు చూసుకుంటూ వచ్చారు. నార్కట్‌పల్లి దాటాక మాత్రం ఒకసారి వేళ్లు తీసి, నా గౌను జేబు మీద చెయ్యి పెట్టారు. కాగితం ఉన్న జేబు. కాసేపు ఉంచి తీసేశారు.

పదకొండింటికి ఊరు చేరాం. వాకిట్లో జనం. ముందుగదిలో మంచం వేసి పండబెట్టారు. తులసినీళ్లు పోశారు. తోడికోడళ్లు, మరదళ్లు ఒక్కొక్కరే వచ్చి చూసుకున్నారు. కండక్టర్ సార్ ఆమె నుదుటి మీద చెయ్యివేసి, నా వైపు చూసి తల ఊపారు. అన్నారు, "లెక్క తప్పలే బిడ్డా. అచ్చం ఆమె తీర్గనే చెప్పినవ్." చుట్టూ ఉన్నవాళ్లు కూడా అవునన్నారు. నాకు దక్కిన మెప్పు అది.

గొట్టం తీశాను. ఒత్తడం ఆపాను. సంచి చేతిలో పట్టుకొని, ఆమె పెట్టిన పద్ధతి ప్రకారం, మంచం పక్కన కూచున్నాను.

ఛాతీ లేచింది.

పోయేముందు అట్లా రెండు మూడు ఎగశ్వాసలు వస్తాయి, ఎన్నోసార్లు చూశాను. మళ్లీ లేచింది. నేను లెక్కపెట్టాను. నాలుగు, అయిదు. మధ్యలో ఎడం ఉంది, కానీ ఆగలేదు. ఎనిమిది. ఆమె కళ్లు సగం తెరుచుకొని ఉన్నాయి. తొమ్మిది. పదకొండు దగ్గర ఆడవాళ్లు ఒక్కసారిగా ఏడుపు ఎత్తుకున్నారు, ఎవరో నా భుజం మీద పడి ఏడ్చారు, లెక్క తప్పింది. పన్నెండు వచ్చిందో రాలేదో నాకు తెలియదు.

డ్రైవర్ గడప అవతల నిలబడ్డాడు. ఇన్నేళ్లు సిలిండర్ మోయించినందుకు ఆమెను తిట్టుకున్నవాడే.

"సిస్టర్, బండి తిప్పుదునా? సిలిండర్ల ఇంక సగం ఉన్నది."

నేను అడ్డంగా తల ఊపాను.

పావుగంట అక్కడే కూచున్నాను. పద్ధతి ప్రకారం.

ఇదంతా రాయకుండా ఊరుకోవచ్చు. ప్రశాంతంగా కన్నుమూశారు అన్న మాట అట్లాగే ఉండనివ్వచ్చు. ఇది కండక్టర్ సార్ కూడా చదువుతారు. ఆయన నన్ను ఏమడుగుతారో నాకు తెలుసు, లోటా బోర్లించిన ఆ మనిషి అడిగిన మాటే అడుగుతారు. పెద్ద సిస్టర్ ఇచ్చిన జవాబు ఒకటుంది, అది మంచి జవాబు కాదని ఆ రోజు బస్సులో నేనే అన్నాను.

తిరిగి నల్లగొండ వచ్చేటప్పుడు అంబులెన్సులో నేనొక్కదాన్నే వెనక కూచున్నాను. ఖాళీ స్ట్రెచరు, దాని పక్కన సిలిండరు. చిట్యాలలో స్పీడుబ్రేకరు దగ్గర అది కదిలితే పడిపోకుండా రెండు చేతులతో పట్టుకున్నాను. ఇనుము చల్లగా ఉంది. దాని మీటరులో ముల్లు సరిగ్గా సగం దగ్గర నిలబడి ఉంది. దవాఖాన గేటు దాకా అది అక్కడే ఉంది.